ఉప్పు లేని ముద్ద

పోయిన వారం మనం ప్రేమలతను పెనుకొండ స్టేషన్లో, సిమెంటు బెంచీ అంచున వదిలి వచ్చాం. ఆమె చేతిసంచిలో రెండు టికెట్లున్నాయి. ఒకటి హిందూపురానికి నెల పాసు. పదకొండేళ్లుగా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడానికి ఆమె రోజూ ఎక్కే బండిది. రెండోది ఆ శనివారం పొద్దున కొన్న ధర్మవరం టికెట్టు. నాలుగు నెలల కింద చర్చిలో నిలబడి, తన కడుపుమంటా భుజం నొప్పీ ప్రార్థనతో పోయాయని ఆమె సాక్ష్యం చెప్పింది. చెప్పిన రోజున అది నిజమే. పదిహేడో రోజున నొప్పి తిరిగి వచ్చింది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ధర్మవరంలో మధ్యాహ్నం మూడింటికి జరిగే స్త్రీల కూటంలో అదే సాక్ష్యం మళ్ళీ చెప్పాలని పిలుపు వచ్చింది. ఆ ఊళ్ళో ఆమె అక్క కళావతి ఉంది. ఎనిమిదేళ్లుగా ప్రేమలత ఆ ఊళ్ళో కాలు పెట్టలేదు.

బండి వచ్చింది. ఆమె ఎక్కింది.

కిటికీ పక్కన చోటు దొరికింది. పెనుకొండ కొండ మెల్లగా వెనక్కి జరుగుతూంటే, రోజూ చూసే కొండే అయినా ఇటువైపు నుంచి చూసి ఎన్నేళ్ళయిందోననుకుంది. హిందూపురం స్టేషన్లో సాయంత్రం బండి కోసం నిలబడినప్పుడు మైకులో ధర్మవరం పేరు వినబడేది. చెవి కంటే ముందు కడుపు వినేది ఆ పేరు.  పెనుకొండలో దిగకుండా అలాగే కూర్చుంటే చాలు, గంటా గంటన్నరలో అక్క ఇల్లు. ప్రతి సాయంత్రమూ ఆమె దిగేది. దిగి, బండి పోయేదాకా చూసి, ఇంటికి నడిచేది.

ఆమెకు అక్క ముఖం కంటే అక్క చెయ్యి ఎక్కువ గుర్తుకు వచ్చేది. చిన్నప్పుడు సంగటి ముద్దలో గుంట చేసి, అందులో పప్పు పోసి, మొదటి ముద్ద తన అరచేతిలో పెట్టే చెయ్యి. పట్టుదారం కోసి కోసి చూపుడువేలి పక్కన గీత పడిన చెయ్యి. అక్కకూ తనకూ మధ్య తను పెట్టుకున్న దూరంలో ఆ చెయ్యి ఒక్కటే ఆమెతో వచ్చింది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో డబ్బా మూత తీసినప్పుడల్లా ఎదురుగా ఎవరైనా ఒక ముద్ద పెడతారేమోనని ఎదురుచూసేది. నలభై రెండేళ్ల ఆడమనిషికి ఇదేం ఆశ అని తనకే సిగ్గేసేది. క్రిస్మస్ నాడు మాత్రం ఫోనులో మాట్లాడుకునేవాళ్ళు. బాగుండావా, బాగుండా. అంతే. ఇద్దరూ అబద్ధమే చెప్పుకునేవాళ్ళు.

రెండు వారాల కింద మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోతే, సూపర్‌వైజరు ఆమెను ఆటోలో ఒక ఆసుపత్రికి పంపాడు. డాక్టరు పేరు రూప. ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. బీపీ నూట అరవై దాటిందని చెప్పి, భుజం నొక్కి చూసి, నోరు తెరవమంది. పళ్ళు అరిగి ఉన్నాయి. నిద్రలో పళ్ళు కొరుకుతారా అని అడిగింది. మా ఆయన అంటాడండీ అని చెప్పింది ప్రేమలత. కడుపులో పుండేమీ పెద్దది లేదనీ, భుజంలో ఎముక బాగానే ఉందనీ, అయినా ఒళ్ళంతా బండరాయిలా బిగుసుకుపోయిందనీ డాక్టరు వివరించింది. కుక్క తరిమితే గుండె దడదడలాడుతుంది, ఒళ్ళు పరుగుకు సిద్ధమవుతుంది, కుక్క పోయాక అన్నీ సర్దుకుంటాయి.

“మీ వెనకాల కుక్క పోలేదమ్మా. ఎన్నాళ్ళ నుంచి తరుముతోందో మీకే తెలియాలి,” అంది డాక్టరు.

మాత్రలు రాసిచ్చింది. ప్రేమలత కొనింది. అవి ఇంకా సంచి అడుగున, షీటు కూడా విప్పకుండా ఉన్నాయి. ఎందుకంటే సాక్ష్యం చెప్పిన మనిషి మాత్ర మింగకూడదు. మింగితే దేవుణ్ణి అబద్ధమాడించినట్టు. ఈ మాట ఆమెకు చెప్పింది ఏ పాస్టరూ కాదు. అమ్మ.

మొన్న గురువారం ఉపవాస ప్రార్థన అయ్యాక, చర్చి వెనక గ్లాసులు కడుగుతూ కడుపు పట్టుకొని కూలబడినప్పుడు పాస్టరమ్మ చూసింది.  సాక్ష్యం అబద్ధమయిందని ఇప్పుడు ఊరంతా తెలుస్తుందనుకుంది ప్రేమలత. పాస్టరమ్మ కోప్పడలేదు. పక్కన పీట వేసుకొని కూర్చొని, కొంగుముడి విప్పి, వారానికి ఏడు గదులున్న ప్లాస్టిక్ డబ్బా తీసి చూపించింది. చక్కెర జబ్బుకు ఆమె రోజూ మింగే మాత్రలవి.

“ప్రార్థన చేసుకొనే మింగుతాండా పాపా,” అంది. “నీళ్ళు దేవుడివైతే మాత్ర మాత్రం సైతానుదా?”

తర్వాత ఒక ప్రవక్త కథ చెప్పింది. రాణి చంపుతానంటే బెదిరి, అడవిలోకి పారిపోయి, పొద కింద పడి, ఇంక చాలు నా ప్రాణం తీసుకో అని ఏడ్చిన ప్రవక్త. దేవదూత వచ్చి ఆయన్ను తిట్టలేదు, విశ్వాసం తక్కువయిందని బోధ చేయలేదు. రొట్టె కాల్చి పెట్టాడు, నీళ్ళు పెట్టాడు, పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. దేవునికి మనిషి ఒంటి సంగతి తెలుసు, మట్టితో చేసింది ఆయనే కదా అంది పాస్టరమ్మ. లేస్తూ లేస్తూ మాత్రం ఒక మాటంది.

“తినినా పండుకున్నా పోని బరువు ఒకటుంటాది. అది నోరు తెరిస్తేనే పోతాది. నాకు చెప్పొద్దు. ఎవురికి చెప్పాల్నో వాళ్లకు చెప్పు.”

ఆమెకేం తెలుసు? ఏమీ తెలియదు. కానీ ఆ మాట విన్నాక ప్రేమలత కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

ఎవరికీ చెప్పని ఆ బరువు ఇది. ఇన్ని వారాలుగా మనకు కూడా ఆమె చెప్పలేదు.

ఎనిమిదేళ్ళ కింద అమ్మ సావిత్రమ్మ, ధర్మవరంలో పెద్దకూతురి దగ్గర ఉండేది. పుట్టుకతో క్రైస్తవురాలు కాదు. యాభై దాటాక నమ్ముకుంది. అలా ఆలస్యంగా నమ్ముకున్నవాళ్ళకు ఉండే ఆత్రం ఆమెకుండేది. దేవుణ్ణి ఎక్కడ నొప్పిస్తానోనని భయం. ఒక కూటంలో ప్రార్థన చేయించుకొని, తన బీపీ పోయిందని నిలబడి సాక్ష్యం చెప్పింది. మరుసటి పొద్దున కళావతి ఎప్పటిలాగే మాత్రా నీళ్ళూ చేతికిచ్చింది. అమ్మ మాత్ర నోట్లో వేసుకుంది, నీళ్ళు తాగింది. మాత్ర బుగ్గనే ఉంచుకుంది. కూతురు మగ్గం గుంతలోకి దిగాక, తీసి కాగితంలో చుట్టి, వేదపుస్తకం జిప్పు కవరులో దాచింది. అలా రోజూ.

చూడ్డానికి వచ్చిన ప్రేమలత, కొత్త కరపత్రం ఒకటి ఆ కవరులో పెట్టబోయి పొట్లం చూసింది. అంచులు కరిగిన తెల్లమాత్రలు, పద్నాలుగు. అమ్మ గబగబా లాక్కుంది. అక్కకు చెప్పొద్దంది. నమ్ముకున్నవాళ్ళు ఒట్టు పెట్టుకోకూడదు కాబట్టి, చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ప్రేమలత పెనుకొండకు వచ్చేసింది. చెప్పాలా వద్దా అని రోజూ అనుకుంది. చెబితే అమ్మ విశ్వాసాన్ని తను విరిచినట్టవుతుందేమో. చెప్పకపోతే? అమ్మ అంత గట్టిగా నమ్ముతోంటే నిజంగానే పోయిందేమో. ఇరవైరెండో రోజున ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం అమ్మ కుప్పకూలింది. మూడో నాటికి పోయింది. శవం చుట్టూ అందరూ పాటలు పాడుతూండగా ప్రేమలత ఆ కవరు జిప్పు తీసి, పొట్లం తీసి, రవికలో దోపుకుంది.

ఆ పొట్లం ఇవాళ ఆమె సంచిలో ఉంది.

ధర్మవరంలో దిగేసరికి పదకొండు దాటింది. వీధి మారలేదు. గోడల అవతల నుంచి అవే చప్పుళ్ళు, ఒక మగ్గం ఆగితే ఇంకొకటి. ఇల్లు ఎక్కడో ఆమె కాళ్ళకు ముందే తెలుసు. గడపలో నిలబడి చూస్తే లోపల మగ్గం గుంతలో నడుము దాకా దిగి అక్క కూర్చొని ఉంది. మెరూన్ చీర మీద బంగారు అంచు. అక్క ఎంత సన్నబడిందంటే, మెడ దగ్గర ఎముకల మధ్య గుంటల్లో నీడ నిలిచింది.

కళావతి తలెత్తి చూసింది. చేతిలో పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆగలేదు. అటు నుంచి ఇటు వచ్చేదాకా చూసి అప్పుడు అంది.

“దోవ తెలిసెనా? నేనింగ నిన్ను చర్చోళ్ళ పోస్టర్లో చూసుకోవాల్సిందే అనుకుంటి.”

కూటం పోస్టరులో ప్రేమలత ఫోటో ఉంది.  అక్క పోస్టరు చూసిందన్న మాటే చెవిలో నిలిచింది. ఎక్కడ నిలబడి చూసి ఉంటుంది, ఎంతసేపు?

“చిక్కిపోయినావక్కా.”

“నువ్వేం తక్కువ లేవులే. స్వస్థత పొందినోళ్ళు ఇట్లుంటారా?”

ఎగతాళే. కానీ కళ్ళు ఎగతాళిగా లేవు. పెనుకొండ సంగతులు అడిగింది. బావ లక్ష్మన్న దారం రంగుకు ఇచ్చిరావడానికి పోయాడని చెప్పింది. ప్రేమలత భర్త గిరి ఇంకా కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లోనేనా అని అడిగింది. ఎనిమిదేళ్లు ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు. అడగకపోవడమే ప్రేమలతకు ఎక్కువ బాధగా ఉంది. గుంతలోంచి పైకి వచ్చే ముందు కళావతి చెయ్యి చాపి, నిలువు పోగుల పడుగును లాగి కట్టిన తాడు వదులు చేసింది. అమ్మ నేర్పిన పద్ధతది. మనిషి పైకి లేస్తే పడుగు కూడా ఊపిరి తీసుకోవాల, బిగబట్టి వదిలేస్తే తెగుతాదనేది అమ్మ. లేచి నిలబడగానే కళావతి గోడ పట్టుకుంది. పిక్కలు పట్టేస్తాయట. రెండు సార్లు గుంతలోనే సొమ్మసిల్లిందట. ఆ మాట ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది.

భోజనానికి కూర్చున్నారు. కళావతి సంగటి ముద్దలో గుంట చేసింది. పప్పు పోసింది. ఒక క్షణం ఆగి, ముద్దను చెల్లెలి అరచేతిలో పెట్టింది. వేలి పక్కన ఆ గీత అలాగే ఉంది. ఏళ్ళ తరబడి ఆశపడిన ముద్ద. ప్రేమలత కళ్ళు మూసుకొని నోట్లో పెట్టుకుంది.

ఉప్పు లేదు.

మరిచిపోయిందనుకుంది. ఇంకో ముద్ద తినింది. పప్పులోనూ లేదు. అక్క మాత్రం తలొంచుకొని మందు మింగినట్టు తింటోంది. గూట్లో చిన్న గిన్నెలో ఉప్పుంది. అది లక్ష్మన్నదట, ఆయన పైన చల్లుకుంటాడట.

“నీకెందుకక్కా ఉప్పులేని కూడు? నీకు బీపీ లేదే.”

“లేదు. తక్కువే ఉండాది. ఉప్పు తినమని డాక్టరు గూడా తిట్టె.” కళావతి కంచంలోనే చూస్తోంది. “నాలికకు తగిల్తే గొంతు మూసుకుంటాది పాపా. మింగలేను.”

“ఎన్నాళ్ళ నుంచి?”

కళావతి లేచింది. చెయ్యి కడుక్కొని, పోయి మళ్ళీ గుంతలోకి దిగింది. తాడు బిగించింది. పనిలో పడితేనే ఆమెకు మాట వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. నాడె నాలుగు సార్లు అటూ ఇటూ పోయాక, దారం వైపే చూస్తూ చెప్పింది. ఆ పొద్దున అమ్మ దొంగతనంగా మామిడికాయ ఊరగాయ వేసుకొని సంగటి తింటోంది. తను చూసింది. రోజూ మాత్రలిచ్చి, చప్పిడి వండి, ఇంత చేస్తాంటే అని ఒళ్ళు మండింది.

“తిను, ఉప్పు తిని సావు అంటి. ఆ మాటే అంటి. అమ్మ కంచం పక్కన పెట్టేసి లేచిపాయ. మద్యాన్నానికి పడిపాయ.” నాడె ఆగింది. “నా మాట తగిలి సచ్చిపాయ పాపా. అది నీ చెవిన పడి, నీకూ అదే అనిపించి రావడం మానుకుంటివని నాకు తెలుసు. నీ తప్పేం లేదు.”

 ఎనిమిదేళ్లు ప్రేమలత అక్క ముఖం చూడలేక రాలేదు. ఎనిమిదేళ్లు అక్క ఆ రాకపోవడాన్నే తీర్పుగా తీసుకొని, దానికి శిక్ష తనే వేసుకొని, రోజుకు రెండు పూటలా తింటూ వచ్చింది. తను దాచింది ఒక పొట్లమే అనుకుంది. అక్క నోటిలోంచి ఉప్పు తీసేసింది తనేనని ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడైనా చెప్పకుండా ఉండొచ్చు. నీ మాట వల్ల కాదులే అక్కా, అమ్మ వయసది, దేవుడు పిలుచుకున్నాడు అని, భుజం తట్టి, మూడింటికి కూటానికి పోవచ్చు. ఆ మాటలు నాలుక మీదికి వచ్చాయి కూడా. పళ్ళు వాటంతట అవే బిగుసుకున్నాయి. దవడ నుంచి చెవి దాకా పాత నొప్పి పాకింది. డాక్టరు చెప్పిన కుక్క ఇదే. ఇంతకాలం వెనక తరిమింది, ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడింది.

ఆమె సంచి తెరిచింది. పొట్లం తీసి, మగ్గం మీద, అప్పుడే నేసిన చీర మీద పెట్టి విప్పింది.

ఎనిమిదేళ్ళకు మాత్రలు పసుపుపచ్చబడ్డాయి. కొన్ని విరిగాయి. అంచులన్నీ అరిగినట్టున్నాయి.

“అమ్మవి,” అంది. “నువ్వు ఇచ్చినవి. బుగ్గన పెట్టుకొని తర్వాత తీసి దాచేది. సాక్ష్యం చెప్పినాక మింగకూడదని. ఊరగాయ వల్ల గాదక్కా. నీ మాట వల్ల గాదు. అమ్మ మాత్రలే మింగలేదు.”

కళావతి వాటి మీదికి వంగింది. ఒకటి వేలితో తాకి వెంటనే చెయ్యి తీసుకుంది. అమ్మ నోటి తడి ఇంకా ఉందేమో అన్నట్టు. ముఖంలో ఏదో విడుతోంది. నుదుటి మీది ముడత, నోటి చివర్లు, ఒక్కొక్కటిగా. ప్రేమలత ఆశగా చూసింది. అక్క ఏడుస్తుందేమో, తనను దగ్గరకు తీసుకుంటుందేమో. ఒక్క క్షణం ఆ ఆశ ఎంత బలంగా ఉందంటే, తల వంచి అక్క భుజం మీద పెట్టబోయింది.

అంతలో కళావతి మాత్రలను వేలితో ఒక పక్కకు జరపడం మొదలుపెట్టింది. చీర పోగులు లెక్కపెట్టే అలవాటు ఉన్న వేలు. విరిగిన ముక్కలను జతచేసి మరీ లెక్కపెట్టింది.

“ముప్పై ఆరు,” అంది. “నీకు కనపడినప్పుడు ఎన్ని ఉండె?”

ప్రేమలత ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. పోయాకే చూశానని చెప్పొచ్చు. ఎవరు కాదంటారు?

“పద్నాలుగు.”

కళావతి పెదవులు కదిలాయి. తీసివేత చిన్నదే. దానికి అంతసేపు పట్టనక్కరలేదు.

“ఇరవైరెండు దినాలు,” అంది చివరకు. గొంతు పెరగలేదు. “ఇరవైరెండు దినాలు నీకు తెలుసు.”

“తెలుసక్కా.”

కళావతి గుంతలోంచి పైకి వచ్చింది. ఈసారి గోడ పట్టుకోలేదు. తాడూ వదులు చేయలేదు. లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. బీరువా తెరిచిన చప్పుడు వినిపించింది.

ప్రేమలత ఒక్కతే మగ్గం పక్కన మిగిలింది. పడుగు వీణతీగల్లా బిగిసి ఉంది. ఏం చేస్తున్నదో ఆలోచించకుండానే ఆమె వంగి తాడు ముడి పట్టుకొని వదులు చేసింది. వేళ్ళు మరిచిపోలేదు. వందల పోగులు ఒక్కసారి కొద్దిగా కిందికి వాలాయి. భుజం నొప్పి పోలేదు. కడుపులో మంట ఉన్నచోటే ఉంది. కానీ తన పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదానికొకటి తగలడం లేదని ఆమె గమనించింది. ఎంతకాలమయిందో అలా ఉండి. ఇది స్వస్థత కాదు. దీని గురించి ఎవరి ముందూ నిలబడి చెప్పేదేమీ లేదు. ప్రభువా, అనుకుంది. తర్వాతి మాట దొరకలేదు. ఆ ఒక్క మాటతోనే ఆగింది. సంచి అడుగు నుంచి డాక్టరు రాసిచ్చిన మాత్రల షీటు తీసి, ఒకటి విప్పి, చెంబులో నీళ్ళతో మింగింది. అది బుగ్గలో నిలబడలేదు. జారి కిందికి పోయింది.

తలుపు తెరుచుకుంది. కళావతి చీర మార్చుకొని ఉంది. చంకలో అమ్మ వేదపుస్తకం, జిప్పు కవరుతో సహా. చెల్లెలి చేతిలో చెంబునూ, విప్పిన షీటునీ చూసింది.  మగ్గం దగ్గరికి పోయి మాత్రలన్నీ ఎత్తి పొట్లం కట్టి, ఎనిమిదేళ్ల కింద అవి ఉన్న చోటే, కవరులో పెట్టి జిప్పు వేసింది.

“మూడుకు గదా మీ కూటం? పా, నేనూ వస్తాండా. ముందు వరసలో కూచుంటా. పోస్టర్లో ఏసిన సాక్ష్యం గాదు, నాకు చెప్పిన సాక్ష్యం చెప్పు. అమ్మ పేరుతో సహా చెప్పు. ఆ కూటంలో ఇంగెవుతో ఒకామె బుగ్గన మాత్ర పెట్టుకోనుంటాది.” పుస్తకాన్ని చంకలో సర్దుకుంది. “నువ్వు చెప్పలేదనుకో, నేను లేస్తా.”

“చెప్తే మళ్ళీ నాతో మాట్లాడతావా అక్కా?”

 కళావతి గడప దాకా పోయి, వెనక్కి తిరిగి, గూట్లోని లక్ష్మన్న గిన్నెలో చెయ్యి పెట్టింది. రెండు వేళ్ళతో చిటికెడు ఉప్పు తీసుకొని, చెల్లెలి కళ్ళలోకి చూస్తూ నాలుక మీద వేసుకుంది. నోరు మూసుకుంది. మెడ మీద నరాలు తేలాయి.

ప్రేమలత ఊపిరి బిగబట్టి, అక్క గొంతు కదులుతుందా లేదా అని చూస్తూ నిలబడింది.